ఓటికుండలో నారు

నల్లమల తూర్పు అంచున, పేరులోనే ఎఱ్ఱని కొండను మోయుచున్న యర్రగొండపాలెమున, రోహిణికార్తె ఎండలు తగ్గుముఖము పట్టకమునుపే, పెరడు గల ఇండ్ల పంచలయందు ఒక దృశ్యము కానవచ్చును. నేరుగా ఎండ పడని గోడవారను, అరుగుమీద, వరుసగా పెరుగు డబ్బాలు, నోరు కత్తిరించిన పాల సంచులు, మెడ కోసిన నీళ్ళ సీసాలు, బిస్కత్తు పొట్లములలో వచ్చు పలుచని అరల పళ్ళెములు పేర్చియుండును. ప్రతిదాని అడుగున కాల్చిన దబ్బనముతో పొడిచిన మూడు నాలుగు బెజ్జములు. లోపల ఎఱ్ఱమన్నును, చివికిన పెంటయు, వాగు ఇసుకయు కలిపిన మట్టి. పైన తడిపి పిండిన గోనెపట్టా. ఆ పట్టా కొన యెత్తి చూచినచో, మట్టిని చీల్చుకొని, మెడ వంచుకొని, తలపై ఇంకను గింజ పొట్టును మోయుచున్న వంగ మొలకయో మిరప మొలకయో కంటబడును.

ఇది ఈమధ్య మిద్దెతోటలతోపాటు పట్నమునుండి దిగివచ్చిన వేడుక యని కొందఱు తలచుచున్నారు. డబ్బా క్రొత్తది, అందు సందేహము లేదు. కాని, ఇంటిలో పని తీరిపోయిన పాత్రను పాఱవేయక, దానియందు మన్ను నింపి, ఇంటి నీడనే విత్తనమును మొలిపించి, పిమ్మట పెరటికి అప్పగించు ఆచారము ఈ సీమలో మిక్కిలి పాతది. నారు పెట్టిన పాత్రల వరుసను వెనుకకు చూచుకొనుచు పోయినచో, ఈ ప్రాంతపు గృహముల చరిత్రయే ఒక మేర కనబడునని నా నమ్మకము.

నా చిన్ననాట మా యింట ఆ వరుసలో నుండినవి ఓటికుండలు. ఎసరు పెట్టగా పెట్టగా అడుగు పగిలిన కుండను మా జేజి ఎన్నడును పెంటకుప్పకు పంపియుండలేదు. మేము పిల్లలము దానిని ఎత్తుకొని పోయి గోడకు విసరబోవగా, ఆమె వసారాలోనుండియే కేకవేసెడిది: "పారెయ్యొద్దురా నాయనా, దానికింకా పనుంది. ఇయ్యేటికి సొర ఇత్తనం దీంట్లోనే పెట్టాల." ఆ పిమ్మట ఆ కుండ పైసగమును రాతితో మెల్లమెల్లగా తట్టి వేఱుచేసి, మిగిలిన అడుగుభాగమును మూకుడువలె చేసికొనెడిది. పగులుగుండ మన్ను జాఱిపోకుండ దానిపై ఒక పలకముక్క వేసెడిది. మార్కాపురపు పలకల గనులు చేరువనే యుండుటచే మా ప్రాంతమున పలకముక్కలకు కొదువ లేదు. అదియును గాక, బడిలో మేము పగులగొట్టుకొని వచ్చిన పలకలన్నియు తుదకు చేరుచోటు అదియే. నేను ఓనమాలు దిద్దిన పలక ఒకటి కాకరపాదు క్రింద అట్లు అణగియుండుట నేనెఱుగుదును.

విత్తనమును ఇంటిలో మొలిపించుటకు శీతలదేశములవారికి ఒక కారణము కలదు. వసంతారంభమున బయట ఇంకను మంచు కురియుచుండును; లేత మొక్క దానికి ఓర్వదు; కావున కిటికీవారను గాజుచాటున వెచ్చగా పెంచి, మంచు తొలగిన పిదప నేలను నాటుదురు. మన సీమలో కారణము దీనికి తలక్రిందులు. ఇచ్చట భయము చలివలన గాదు, ఎండవలన. మిరప విత్తనము మొలచుటకు 25 మొదలు 30 డిగ్రీల వెచ్చదనము చాలును. కాని ఎండాకాలపు మధ్యాహ్నమున పెరటి ఎఱ్ఱమన్ను పైపొర చేయి పెట్టనీయదు. అట్టి నేలలో విత్తినది మొలవకమునుపే ఉడికిపోవును. ఎండ తగ్గినను చీమలు గింజలను మోసికొనిపోవును. కోడి ఒక్కసారి కాలితో గీఱినచో పది దినముల కష్టము గాలికి పోవును. ఉడుత, మేక, దూడ సంగతి చెప్పనక్కఱలేదు. వీటన్నిటికంటె గొప్ప కారణము నీరు. బిందెడు నీటికై గృహిణులు ఆమడ నడచిన యేండ్లు ఈ మండలమున నేటికిని వృద్ధుల స్మృతిలో నున్నవి. పెరడంతయు తడుపుటకు నీరు చాలదు గాని, ఓటికుండలోని దోసెడు మన్ను తడుపుటకు బియ్యము కడిగిన నీరు చాలును. నలువది మొక్కలకు వలయు నీటిని ఆఱు వారములపాటు చెంబులలో కొలిచి పోయగలుగుట చిన్న లాభము కాదు. శ్రీశైల జలాశయమునుండి కృష్ణాజలమును కొండక్రిందుగా తెచ్చుటకై, ఈ ప్రాంతపు ప్రజానాయకుడు పూల సుబ్బయ్య పేర వెలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి పడినది. ఆ జంట సొరంగముల త్రవ్వకము ముగియుటకు ఒక తరము పట్టినది. ఆ నిరీక్షణ యంతయు తెలిసినవారికి మా జేజి చెంబు కొలత ఎంత గంభీరమైన విషయమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

పాత్రలో మొలక పెట్టుట యనునది మన జాతికి కేవలము సేద్యపుబని మాత్రమే గాక, శుభకార్యముగ కూడ నుండినది. వివాహములయందు పాలికలను నిలుపుదురు. కుమ్మరి యింటినుండి తెచ్చిన అయిదు మట్టిపాత్రలలో పుట్టమన్ను నింపి, నవధాన్యములు చల్లి, ముత్తయిదువలు పాలు కలిపిన నీటిని చిలుకరింతురు. ఆ మొలకల పచ్చదనమును బట్టి వధూవరుల కలిమిని ఊహించుకొందురు. వైష్ణవాలయములందు బ్రహ్మోత్సవమునకు ముందు జరుగు అంకురార్పణమును ఇట్టిదే. విష్వక్సేనుని ఊరేగించి, శుచియైన చోట మృత్తికను సేకరించి తెచ్చి, పాలికలలో నింపి, నవధాన్యములను వపనము చేయుదురు. ఓషధులకు అధిపతి చంద్రుడు గావున ఆ క్రియ ప్రొద్దుగ్రుంకిన తరువాతనే జరుగవలెనని ఆగమ విధి. దీనిని గూర్చి తలచినప్పుడెల్ల నాకు ఒక్కటి తోచును: విత్తనము మొదట చీకటిని, చల్లదనమును కోరుననియు, మొలక కనబడిన తరువాతనే వెలుతురు నడుగుననియు తెలిసిన సేద్యగాండ్రెవరో ఆ విధికి మూలమున నుండియుందురు. వరాహమిహిరుడు 6వ శతాబ్దమున తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకై ఒక అధ్యాయమును కేటాయించి, విత్తుటకు ముందు గింజలను పాలలో నానబెట్టు విధానమును వివరించెను. పాలికపై చల్లు పాలనీరు ఆ శాస్త్రమునకు పెరటిదారి చుట్టమో, లేక శాస్త్రమే ముత్తయిదువల చేతినుండి నేర్చుకొన్నదో, ఎవరు ముందు నడచిరో నేను తేల్చజాలను. ఇరువురును ఒకే బాటను నడచిరనుట మాత్రము స్పష్టము.

నల్లమల చుట్టుప్రక్కల తండాలలో నివసించు సుగాలీలకు తీజ్ పండుగ కలదు. పెండ్లికాని కన్నెలు వెదురుబుట్టలలో పుట్టమన్నును ఎరువును కలిపి నింపి, గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నియమముతో నీరు మోసికొని వచ్చి పోయుచు, పాటలు పాడుచు, ఆ మొలకలను పెంచుదురు. చివరినాడు ఆ లేతపచ్చని పైరును పెద్దలకు తలపాగలలో తురిమి, బుట్టలను నీటిలో విడుతురు. పాలిక మట్టిది, తీజ్ బుట్ట వెదురుది. భాషలు వేఱు, దేవతలు వేఱు. ఐనను, మన్ను చెమ్మను వ్రేలితో నొక్కి చూచి, నేడు నీరు వలయునా వలదా యని తేల్చుకొను ఆ కన్నె చేతికిని, మా జేజి చేతికిని నేను భేదము కానలేదు.

పాత్రల సంగతికి వత్తును. కుండ తరువాత చెప్పవలసినది సొరబుర్ర. ఎండిన సొరకాయను తొలిచి, అందు విత్తనములను బూడిదతో కలిపి పోసి, మూతికి పేడ మెత్తి, పొయ్యిపైని ఉట్టిలో వ్రేలాడగట్టెడివారు. పొగ తగిలిన విత్తనమును పురుగు ముట్టదు. మేదరులు నల్లమల వెదురుతో అల్లిన బుట్ట చివికిపోయి గింజలు జాఱుచున్నప్పుడు, దానికి పేడయు మన్నును అలికి నారుబుట్టగా మార్చెడివారు. విందులలో పప్పుకు, పాయసమునకు కుట్టిన మోదుగాకు దొప్పలు మిగిలినచో, అందును గుప్పెడు మన్ను వేసి గుమ్మడి విత్తనము నాటెడివారు. ఈ దొప్పయందు ఒక సుగుణము కలదు. గుమ్మడి, సొర, బీర మొదలగు పాదుజాతుల వేరు మిక్కిలి సుకుమారమైనది. పెఱికి నాటినచో కదలి, అలిగి, దినముల తరబడి ఎదుగదు. దొప్పలో మొలచినదానిని దొప్పతోడనే గుంటలో పెట్టవచ్చును; ఆకు చివికి ఎరువగును, వేరునకు తాను కదలినట్లే తెలియదు. నేడు కొబ్బరిపీచుతోను కాగితపుగుజ్జుతోను చేసి అంగళ్ళలో అమ్ము కరగిపోవు కుండీలకు ఇంతకంటె అదనపు గుణమేదియు లేదు.

19వ శతాబ్దపు చివరి పాదమున, నంద్యాల వైపునుండి రైలు నల్లమలను దాటి, దొరబావి లోయపై ఉన్నతమైన వంతెన నెక్కి, గిద్దలూరు, కంభము, మార్కాపురం రోడ్డు స్టేషనుల మీదుగా వినుకొండవైపు సాగినప్పుడు, ఈ సీమకు రేకు వచ్చెను. నాలుగు గ్యాలనుల కిరసనాయిలు డబ్బా ఎడ్లబండ్లపై కొండక్రింది పాలెములకు చేరి, నూనె అయిపోయిన తరువాత కాని తన అసలు జీవితమును ప్రారంభింపలేదు. చెవులకు కఱ్ఱ బిగించినచో నీళ్ళబొక్కెన. పరచి సాగగొట్టినచో దడికి తలుపు. నిలువుగా రెండుగా కోసినచో రెండు నారుతొట్లు. 1937లో విపణికి వచ్చిన డాల్డా తాటిచెట్టు బొమ్మ గల పసుపుపచ్చని డబ్బాలతో ఆ శతాబ్దపు నడిమి దశాబ్దములలో ప్రతి గ్రామమునకును ప్రాకెను. ఆ నెయ్యి మంచిదా చెడ్డదా యని పెద్దలు వాదించుకొనుచుండగనే, డబ్బాలు మాత్రము నిర్వివాదముగా తులసికోటలయ్యెను. మేకుతో అడుగున బెజ్జములు కొట్టిన డాల్డా డబ్బాలో తులసియో, మరువమో, కనకాంబరపు నారో లేని ఇల్లు మా వీథిలో లేకుండెను. రేకునకు ఒక దోషము: ఎండకు కాలి వేరును ఉడికించును. అందుచే దానికి సున్నము పూసి నీడను పెట్టెడివారు. నాలుగైదేండ్లకు అడుగు తుప్పు పట్టి రాలి, ఎఱ్ఱమన్నులో ఎఱ్ఱమన్నుగా కలిసిపోయెడిది.

ఇంతవఱకు పెరటినారు కథ. పొలపునారు కథ వేఱుగ నడచినది, కాని రెండింటి మధ్య దడి మిక్కిలి పలుచనిది. మిరప మన దేశమునకు 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో వచ్చిన పంట. రెండువందల యేండ్లు గడచునప్పటికి తెలుగువాని అన్నపుముద్దకు అది లేనిదే ఎఱుపు లేదు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములను కలిపి ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము పంతులుగారి పేరు దాల్చినప్పుడు, మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలునుండి వచ్చి అందు చేరినవి. అధికారుల పటములు మాఱినను, నారుమడి వేయు విధానము మాఱలేదు: ఎత్తైన మడి కట్టి, దానిపై చెత్తయు ఆకులును పరచి తగులబెట్టి, ఆ వేడికి తెగులు మూలములును కలుపు గింజలును చచ్చిన తరువాత, బూడిదలో కలిపిన విత్తనమును చల్లుట. ఒక ఎకరమునకు సెంటు నారుమడియు, సుమారు 650 గ్రాముల విత్తనమును పట్టెడివి. గుంటూరు చెంతనున్న లాం పరిశోధన కేంద్రము వెలువరించిన భాగ్యలక్ష్మివంటి వంగడములైనను రైతు తన కల్లములోనుండియే మంచి పండు ఏరుకొని, మఱుసటి యేటికి విత్తనము దాచుకొనగలిగెడివాడు. ఆ విత్తనము వెల లేనిది గావున, చల్లిన దానిలో కొంత కుళ్ళినను, కొంత చీమ తిన్నను దిగులుండెడిది కాదు.

సంకర విత్తనము వచ్చిన తరువాత లెక్క తిరుగబడెను. పది గ్రాముల పొట్లము, లోపల ఎంచదగినన్ని గింజలు, ఎకరమునకు మొత్తము నూఱు గ్రాములకు లోపు. ఒక్కొక్క గింజకు ఒక్కొక్క వెల. అట్టిదానిని మడిలో చల్లుటకు ఏ రైతునకును చేయి రాదు. అందుచే నల్లని ప్లాస్టిక్ అరల పళ్ళెములు, మనవారు ప్రోట్రేలని పిలుచునవి, కొబ్బరిపొట్టుతో నిండి, నీడవలల పందిళ్ళ క్రింద బారులు తీరినవి. అరకొక గింజ, గింజకొక మొక్క. ఈ పద్ధతిలో నారు సమముగ పెరుగును, వేరు చెదరదు. దీనిని నిందించుట నా ఉద్దేశము గాదు. ఐనను, విత్తనమును ఇంట దాచు జ్ఞానము దీనితోడనే సన్నగిల్లెను. సంకరపు పండులోని గింజ తల్లిని పోలదు గనుక, దాచుటకు ఏమియు మిగులలేదు. పొయ్యిమీది ఉట్టి ఖాళీ అయ్యెను. ఇది నన్ను బాధించు విషయము; ఏ పంట లెక్కలోనికిని రాని నష్టము.

పాలిథీను పుట్టుక 1933 నాటిది. ఇంగ్లండున ఐ.సి.ఐ. వారి ప్రయోగశాలలో ఎథిలీను వాయువును అత్యధిక పీడనమునకు లోను చేయుచుండగా, ఎవరును కోరకుండగనే పాత్రలో మిగిలిన మైనమువంటి తెల్లని పదార్థమది. అది మా పల్లెలకు మొదట పరిచయమైనది మొక్కల రూపముననే యని చెప్పవచ్చును. 1976లో జాతీయ వ్యవసాయ సంఘము సామాజిక వనములను గూర్చి సిఫారసు చేసిన పిదప, అటవీశాఖ నర్సరీలనుండి నల్లని సంచులలో వేప, కానుగ, సుబాబుల్ మొక్కలు బడులకును చెఱువుగట్లకును వచ్చినవి. తరువాత గాజుసీసాల స్థానమున పాల సంచులు వచ్చినవి. ఆ పిమ్మట నూనె, పెరుగు, షాంపూ, సమస్తమును. అటవీశాఖవారి నల్లసంచిని చూచిన గృహిణి, తన చేతిలోని ఖాళీ పాలసంచిని మఱియొక చూపుతో చూచెను. కుండకు, డబ్బాకు పట్టిన గతియే దీనికిని పట్టెను: కడిగి, ఆరవేసి, మూలలు కత్తిరించి, మన్ను నింపుట. పాత్ర పేరు అడుగక, అడుగున బెజ్జము పెట్టుటొక్కటే ఆమె ఎఱిగిన శాస్త్రము. ఆ బెజ్జమే మొక్కకు ప్రాణము. నీరు నిలిచినచో నారుకుళ్ళు సోకి, సాయంత్రము నిలిచియున్న మొలక తెల్లవాఱునప్పటికి మొదలు మెత్తబడి నేలకొఱుగును.

ఐతే ప్లాస్టిక్ విషయమున కుండకు లేని రెండు చిక్కులు కలవు; అవి చెప్పకున్నచో చరిత్ర చెప్పినట్లు కాదు. మొదటిది, ప్రత్తియు మిరపయు పండు ఈ సీమలో పురుగుమందు సీసాలు ఇంటింట దొరకును. అవి దృఢమైనవి, అందమైనవి. కాని ఎంత కడిగినను విషము వదలవు. 1971 నాటి కీటకనాశినుల నియమములు అట్టి ఖాళీ సీసాలను మఱల వాడుటకు వీలులేకుండ పగులగొట్టి ఊరికి దూరముగా పాతిపెట్టవలెనని విధించినవి. నారు పెట్టుటకు గాని, నీరు పట్టుటకు గాని వాటిని ఎత్తుకొనరాదు. మన తల్లులకు ఈ మాట పదేపదే చెప్పవలసియున్నది. రెండవది, కుండ పెంకై మన్నులో నిలుచును, దొప్ప చివుకును, బుట్ట పొయ్యిలో పడును, రేకు తుప్పగును. పాలసంచి ఎండకు పెళుసెక్కి, చీలికలై, చీలికలు తునుకలై, తునుకలు కంటికానని రేణువులై మన్నులోనే యుండిపోవును. మొక్కతోబాటు సంచిని గుంటలో పాతిపెట్టు అలవాటు, దొప్ప కాలమున పుణ్యమైనది, ఇప్పుడు దోషమైనది. చేతికి తెలిసిన పని అదే. పదార్థము మాఱినదని చేతికి ఇంకను పూర్తిగా తెలియలేదు.

కాని కొన్ని చేతులు నేర్చుకొనుచున్నవి. గడచిన యేడు మృగశిరకార్తెలో, తొలివాన పడిన మఱునాడు, మా పొరుగింటి ఇల్లాలు పెరటిలో బీరనారు నాటుచుండగా నేను దడి యివతల నిలిచి చూచితిని. రెండు వ్రేళ్ళ నడుమ మొక్క మొదలు నిలిపి, పెరుగు డబ్బాను తలక్రిందులుగ త్రిప్పి, అడుగున అరచేతితో ఒక్కసారి తట్టెను. మన్నుముద్ద చెదరక, తెల్లని వేళ్ళు చుట్టుకొని, డబ్బా ఆకారముతోనే ఆమె చేతిలోనికి జాఱెను. దానిని గుంటలో దించి, చుట్టును మన్ను సర్ది, చెంబెడు నీరు పోసి, "డబ్బా ఏం చేస్తావమ్మా?" యని నేనడుగగా, "ఏం చేస్తానయ్యా, కడిగి అటకమీద ఏస్తా. ఇది మూడో ఏడు దీనికి," అనుచు ఆ డబ్బాను తొట్టిలో ముంచి, లోపల అంటిన మన్నును వ్రేలితో రాచి కడిగి, బెజ్జములు మూసికొన్నవేమోనని వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూచెను.